మీకు తెలుసా? ఇంటి మూలన భూకంప లేఖిని

తాకట్టు వ్యాపారి చేతి యంత్రం

హైదరాబాద్ బేగంపేటలోని నిజామియా వేధశాలలో ఒకప్పుడు భూకంపాలను గీసిపెట్టిన యంత్రం పేరు మిల్న్-షా. ఈ జంట పేరులో మొదటాయన జాన్ మిల్న్, జపాన్‌లో గనుల శాస్త్రం చెప్పిన ఆచార్యుడు. రెండో ఆయన జె.జె. షా. ఆయన ఇంగ్లండ్‌లోని వెస్ట్ బ్రామిచ్ అనే పారిశ్రామిక పట్టణంలో తాకట్టు వ్యాపారి. ఈ సంగతి మీకు తెలుసా?

మిల్న్ తయారుచేయించిన భూకంప లేఖిని అప్పటికే ప్రపంచమంతా వ్యాపించింది. అయితే దానికి ఒక పెద్ద లోపం ఉండేది. ఒకసారి ఊగడం మొదలుపెడితే ఆగేది కాదు. నేల కదలిక ఆగిపోయాక కూడా లోలకం తన ఊపు తాను ఊగుతూనే ఉండేది. ఇక ఆ గీతలో భూమి రాసిందేది, యంత్రం రాసుకున్నదేది అని విడదీయడం ఎవరి తరం? పైగా అది నేల కదలికను పదింతలు కూడా పెంచి చూపేది కాదు. షా దానికి అయస్కాంతాలు బిగించి ఊపును అదుపులోకి తెచ్చాడు. కదలికను 250 రెట్లు పెంచి చూపేలా మలిచాడు. మన బొంబాయి, ఆగ్రా వేధశాలలతో పాటు ఎన్నో దేశాల వేధశాలలు ఆ యంత్రాన్నే కొనుక్కున్నాయి.

నిజామియా వేధశాల పుట్టుక కూడా ఇలాంటిదే. 1901లో, ఇంకా బేగంపేటకు రాకముందు, నవాబ్ జఫర్ జంగ్ అనే ఖగోళ ఔత్సాహికుడు ఫిసల్‌బండలోని తన ఆవరణలో పెట్టుకున్న దుర్బిణితో అది మొదలైంది. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. అంటే హైదరాబాద్ భూకంపాల చిట్టాలో ఇద్దరు ఔత్సాహికుల చెయ్యి ఉంది. ఒకరు వేధశాలకు పునాది వేశారు, ఇంకొకరు యంత్రం ఇచ్చారు.

ప్రపంచ భూకంపాల చిట్టా ఒక ఇంట్లో మొదలైంది

1895లో టోక్యోలో మిల్న్ ఇల్లు, వేధశాల అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. ఏళ్ల తరబడి కూడబెట్టిన పుస్తకాలు, నమోదులు బూడిదయ్యాయి. ఆయన భార్య తోనెతో కలిసి ఇంగ్లండ్ తిరిగొచ్చి, వైట్ ద్వీపంలోని షైడ్ అనే చిన్న ఊళ్లో ఇల్లు తీసుకున్నాడు. ఆ ఇంటి ఆవరణలోనే యంత్రం నిలబెట్టాడు. తరవాత దాదాపు రెండు దశాబ్దాల పాటు ప్రపంచం నలుమూలల నుంచి భూకంప వివరాలు ఆ ఇంటికే ఉత్తరాల్లో వచ్చేవి. మన దేశం నుంచి బొంబాయి, కలకత్తా, కొడైకెనాల్ వేధశాలలు పంపేవి. 1901లో స్కాట్ నాయకత్వంలో అంటార్కిటికాకు బయలుదేరిన డిస్కవరీ నౌకలో కూడా ఒక మిల్న్ యంత్రం వెళ్లింది.

1913లో మిల్న్ చనిపోయాడు కానీ ఆ పని ఆగలేదు. ఆక్స్‌ఫర్డ్‌కు మారి, క్రమంగా అంతర్జాతీయ భూకంప కేంద్రంగా రూపుదిద్దుకుంది. ఈనాటికీ భూకంపాల తుది వివరాలు సరిచూసి ప్రకటించే సంస్థ అదే. శాస్త్రం పెద్ద భవనాల్లోనే జరుగుతుందని నమ్మే పిల్లలకు ఈ షైడ్ ఇంటి కథ చెప్పాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

వెతికింది ఒకటి, దొరికింది ఒకటి

దూరదేశపు భూకంపాన్ని మొదటిసారి పట్టిన యంత్రం భూకంపాల కోసం పెట్టింది కాదు. జర్మనీకి చెందిన ఎర్న్‌స్ట్ ఫాన్ రెబోయర్-పాష్విట్స్ ఖగోళ శాస్త్రవేత్త. చంద్రుడి ఆకర్షణకు నేల ఎంత ఒరుగుతుందో కొలవాలని పోట్స్‌డామ్‌లో, విల్‌హెల్మ్స్‌హాఫెన్‌లో సున్నితమైన లోలకాలు పెట్టాడు. 1889 ఏప్రిల్‌లో ఒక రోజు రెండు చోట్లా గీత ఒకే తీరున చెదిరింది. తరవాత జపాన్ భూకంపం వార్త చదివి, రెండూ ఒకే ఘటన అని గుర్తుపట్టాడు. ఒకచోటే యంత్రం ఉంటే దాన్ని ఏదో అలజడి అని కొట్టిపారేసేవాళ్లేమో. రెండు ఉండటం వల్లే నమ్మకం కుదిరింది. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

నూరు మీటర్ల లోలకాన్ని గదిలో పెట్టొచ్చా?

దూరపు భూకంపాల నుంచి వచ్చే ఉపరితల తరంగాలు చాలా నిదానం. ఒక్కో ఊపుకు 20 సెకన్ల దాకా పడుతుంది. వాటిని చక్కగా పట్టాలంటే యంత్రం కూడా దాదాపు అంత నిదానంగా ఊగాలి. మామూలు వేలాడే లోలకం 20 సెకన్లకు ఒకసారి ఊగాలంటే దాని తాడు దాదాపు 100 మీటర్ల పొడవుండాలి. కుతుబ్‌మినార్ ఎత్తు కూడా చాలదు.

మరి ఇంట్లో ఎలా? దీనికి జవాబు మన ఇంటి గేటులోనే ఉంది. గేటు స్తంభం నిట్టనిలువుగా ఉంటే గేటు ఎక్కడ వదిలితే అక్కడే నిలుస్తుంది. స్తంభం ఒక్క పిసరు ఒరిగితే చాలు, గేటు తనంత తాను నిదానంగా ఒక చోటికి వచ్చి ఆగుతుంది. ఆ ఒరుగు ఎంత తక్కువైతే ఊపు అంత నిదానం. ఇదే సమతల లోలకం. 80 సెంటీమీటర్ల కడ్డీ చివర బరువు కట్టి, ఇరుసును అర డిగ్రీ మాత్రం ఒరగనిస్తే 20 సెకన్ల ఊపు వచ్చేస్తుంది. వంద మీటర్ల తాడు చేసే పని మీటరు లోపు కడ్డీ చేస్తుంది.

1979 జులైలో సైంటిఫిక్ అమెరికన్ పత్రిక ఔత్సాహికుల శీర్షికలో ఈ పద్ధతిలో ఇంట్లో కట్టుకునే యంత్రాన్ని వివరంగా ప్రచురించారు. వర్జీనియాలోని జేమ్స్ మాడిసన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జేమ్స్ లేమన్ రూపకల్పన అది. ఇనుప చట్రం, కడ్డీ, సీసం బరువు, అయస్కాంతం, తీగచుట్ట వంటివే సరుకులు. నేల కదిలితే చట్రం కదులుతుంది. బరువు తన జడత్వం వల్ల వెనకబడుతుంది. ఆ తేడాకు అయస్కాంతం దగ్గర తీగచుట్టలో చిన్న విద్యుత్తు పుడుతుంది. ఆ శీర్షిక చదివి ఎందరో గ్యారేజీల్లో, నేలమాళిగల్లో లేమన్ యంత్రాలు కట్టారు. ఇప్పటికీ కడుతున్నారు.

ఇందులో చిక్కు కూడా ఆ అర డిగ్రీలోనే ఉంది. అంత సున్నితంగా నిలబెట్టిన యంత్రానికి నేల కదలికకూ, నేల ఒరగడానికీ తేడా తెలియదు. పక్కన మనిషి నిలబడితే గచ్చు ఒరిగేంత మాత్రం చాలు, గీత పక్కకు జరుగుతుంది. ఎండకు గోడ వేడెక్కినా అంతే. చట్రంలోకి గాలి సోకినా, కడ్డీకి సాలెపురుగు గూడు కట్టినా గీతలో కనబడుతుంది. అందుకే మంచి పనివాళ్లు యంత్రం కన్నా ముందు దాని మూత గురించి ఆలోచిస్తారు. థర్మోకోల్ పెట్టె, దాని అంచుల చుట్టూ స్పాంజి పట్టీ, లోపలికి గాలి చొరని అతుకులు. ఇవి లేని యంత్రానికి ఎంత ఖరీదైన ఎలక్ట్రానిక్స్ పెట్టినా వృథా ఖర్చే.

రెండు నిమిషాల పరీక్ష

ఇంటి యంత్రం మంచిదో కాదో చూడటానికి భూకంపం దాకా ఆగనక్కరలేదు. బరువును 20 మిల్లీమీటర్లు పక్కకు లాగి వదలండి. అది వెనక్కి వచ్చి, నడిమి చోటు దాటి, మహా అయితే ఒక మిల్లీమీటరు అవతలికి వెళ్లి, తిరిగొచ్చి ఆగిపోవాలి. అలా ఆగితే డ్యాంపింగ్, అంటే ఊపును అణచే ఏర్పాటు, సరిగ్గా ఉన్నట్టు. పదిసార్లు అటూ ఇటూ ఊగితే ఆ యంత్రం భూమి మాట కాక తన మాట చెబుతోందన్నమాట. జరుగుతూ జరుగుతూ బద్ధకంగా వచ్చి నడిమి చోటు చేరకుండానే నిలబడిపోతే ఎక్కడో రాపిడి ఉంది.

డ్యాంపింగ్ కోసం కొందరు కడ్డీకి ఒక రేకు కట్టి, దాన్ని నూనె పాత్రలో ముంచుతారు. పని చేస్తుంది. కానీ బెజవాడ ఎండలకు నూనె పలచబడుతుంది, డిసెంబరులో చిక్కబడుతుంది. అంటే ఒకే యంత్రం రెండు కాలాల్లో రెండు రకాలుగా రాస్తుంది. నా ఓటు షా చేసిన పద్ధతికే. బలమైన అయస్కాంతాల నడుమ రాగి పలకో అల్యూమినియం పలకో కదిలేలా పెడితే, పలకలో పుట్టే సుడి విద్యుత్తు దాని వేగానికి తగ్గట్టు అడ్డుపడుతుంది. ఏదీ దేన్నీ తాకదు, ఏదీ ఆవిరైపోదు. పాత హార్డ్‌డిస్కుల్లో దొరికే అయస్కాంతాలు ఇందుకు చక్కగా సరిపోతాయి.

పదిహేడు టన్నుల లోలకం

జర్మనీలోని గోటింగెన్‌లో ఎమిల్ వీఖర్ట్ నిర్మించిన ఒక భూకంప లేఖినిలో ఊగే బరువు 17 టన్నులు. ఎందుకంత? ఆ రోజుల్లో మసి పూసిన కాగితం మీద సూది గీసేది. ఆ సూది రాపిడిని లెక్కలోకి రానివ్వకుండా చేయాలంటే బరువు భారీగా ఉండాలి. మిల్న్ కాంతిరేఖతో ఫొటో కాగితం మీద రాయించాడు కాబట్టి ఆయనకు తేలికైన బరువే సరిపోయింది. ఇంట్లో కట్టుకునేవాళ్లకు దీన్నుంచి దొరికే జవాబు సూటిగా ఉంది. బరువు పెంచుకుంటూ పోకండి, రాపిడి తీసేయండి. స్లింకీ అనే పిల్లల స్ప్రింగుకు ఒక అయస్కాంతం వేలాడదీసి, కింద తీగచుట్టా రాగి గొట్టం ముక్కా పెట్టి కట్టిన యంత్రాలు అమెరికా బడుల్లో వేల కిలోమీటర్ల దూరపు పెద్ద భూకంపాలను పట్టాయి.

బిట్ల లెక్క

తీగచుట్టలో పుట్టిన విద్యుత్తును అంకెలుగా మార్చాలి. పిల్లలు ప్రాజెక్టుల్లో వాడే మామూలు ఆర్డ్యునో బోర్డు 10 బిట్లది. అంటే 1,024 మెట్లు. భూకంప పరికరాల్లో వాడే 24 బిట్ల పరికరానికి 1,67,77,216 మెట్లు. లారీ వెళ్లిన అదురూ, దూరపు భూకంపపు సన్నని తరంగమూ రెండూ ఒకే గీతలో పట్టాలంటే అన్ని మెట్లు కావాలి. అయితే పెట్టె మీద 24 అని అచ్చు వేసినంత మాత్రాన 24 బిట్లూ పనికొస్తాయని కాదు. కింది బిట్లు కొన్ని పరికరం సొంత రొదకే పోతాయి. ఎన్ని పోతున్నాయో తేల్చుకోవడం తేలిక. తీగచుట్టను విప్పేసి, దానికి సమానమైన రెసిస్టర్‌ను ఆ చోట పెట్టి ఒక గంట నమోదు చేయండి. వచ్చిన గీత అంతా పరికరానిదే. దాన్ని భూమి గీత పక్కన పెట్టి చూసుకోవాలి.

భూకంపం లేని రోజున ఏం కనబడాలి?

నా దృష్టిలో అన్నిటికన్నా గొప్ప పరీక్ష ఇదే. భూకంపం లేని రోజున మంచి యంత్రం గీత సరళరేఖగా ఉండదు. సముద్రం కనబడుతుంది.

సముద్రంలో ఎదురెదురుగా వచ్చిన అలలు కలిసినప్పుడు ఆ ఒత్తిడి అడుగుకంటా దిగి సముద్రగర్భాన్ని తడుతుంది. ఆ తాకిడి నేలలో అలగా మారి ఖండాల లోపలికి పాకుతుంది. ఈ అలలకు శాస్త్రజ్ఞులు మైక్రోసీజమ్స్ అని పేరు పెట్టారు. ఒక్కో ఊపు సుమారు 5 నుంచి 8 సెకన్లు. నేల కదిలేది మిల్లీమీటరులో వెయ్యోవంతు, చాలా రోజుల్లో అంతకన్నా తక్కువ. మనిషికి ఎన్నటికీ తెలియదు. 1950లో లాంగెట్-హిగిన్స్ అనే గణితజ్ఞుడు దీని గణితం తేల్చాడు. సముద్రపు అల ఊపుకు పట్టే కాలంలో సరిగ్గా సగం కాలానికే నేల ఊగుతుందని చూపించాడు.

ఈ విషయంలో మనవాళ్ల పని చాలామందికి తెలియదు. బొంబాయి కొలాబా వేధశాలలో సుధాంశు కుమార్ బెనర్జీ తుఫాన్లకూ, రుతుపవనాలకూ, ఈ మైక్రోసీజమ్స్‌కూ ఉన్న సంబంధాన్ని 1930 నాటికే పరిశోధించి ప్రచురించాడు. సముద్రం మీద వాతావరణం చెదిరితే గదిలోని భూకంప లేఖిని గీత లావెక్కేది. తరవాత ఆయన భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యాడు. బంగాళాఖాతం పక్కన బతికే మనకు, ఏటా తుఫాన్ల కబురుకు చెవులొగ్గే మనకు, ఇంతకన్నా దగ్గరి శాస్త్రం ఏముంటుంది?

కాబట్టి ఎవరైనా తమ ఇంటి యంత్రం గురించి గొప్పగా చెబితే, ఎన్ని భూకంపాలు పట్టావని అడగకండి. పెద్ద భూకంపం వస్తే నాసి యంత్రం కూడా ఊగుతుంది. నిశ్శబ్దంగా ఉన్న రాత్రి గీత చూపించమనండి. అందులో ఆ ఆరేడు సెకన్ల సముద్రపు అల కనబడితే, అది తుఫాను రోజున లావై, తరవాత సన్నబడితే, ఆ యంత్రానికి దండం పెట్టొచ్చు.

రాతి మీదా, రేగడి మీదా

యంత్రం ఒకటే అయినా పెట్టిన చోటును బట్టి దాని పనితనం మారుతుంది. హైదరాబాద్ గ్రానైటు రాతి మీద ఉంది. గచ్చు కింద అడుగులోనే రాయి తగిలే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో అయితే కింద మందపాటి ఒండ్రుమట్టి. మెత్తటి నేల ప్రతి అదురునూ పెంచి చూపుతుంది. అలాగని నగరంలో అంతా సుఖమేం కాదు. మెట్రో, బస్సులు, పై అంతస్తులో వాషింగ్ మెషిన్, పొద్దున్నే మిక్సీ, వంతులవారీగా తిరిగే నీళ్ల మోటారు అన్నీ గీతలోకి చేరతాయి. పల్లెలో త్రీఫేజ్ కరెంటు రాగానే బోరు మోటార్లు ఒక్కసారిగా మొదలవుతాయి. అపార్టుమెంటు అయిదో అంతస్తులో పెడితే మరీ అన్యాయం. అక్కడ యంత్రం కొలిచేది భవనం ఊపును.

మనుషుల రొద ఎంతో 2020లో ప్రపంచానికి లెక్కతో సహా తెలిసింది. కొవిడ్ లాక్‌డౌన్ రోజుల్లో 117 దేశాల్లోని 268 కేంద్రాల నమోదులు చూస్తే, చాలా చోట్ల మనుషుల వల్ల పుట్టే నేల కంపనం సగం దాకా తగ్గిపోయింది. ఆ అధ్యయనంలో ఇళ్లలోని ఔత్సాహికుల యంత్రాల నమోదులు కూడా ఉన్నాయి. శాస్త్రవేత్తల కేంద్రాలు ఊళ్లకు దూరంగా ఉంటాయి, ఔత్సాహికుల ఇళ్లు ఊరి నడుమ ఉంటాయి. ఊరి రొదను కొలవడానికి అవే కావలసి వచ్చాయి.

గడియారం తప్పితే ఊరు తప్పుతుంది

2024 డిసెంబర్ 4 ఉదయం ఏడున్నరకు కాస్త ముందు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. హైదరాబాద్, ఖమ్మం, విజయవాడ దాకా ఫ్యాన్లు ఊగాయి. ఆ వేళ హైదరాబాద్‌లో ఒక ఇంట్లో మంచి యంత్రం ఉండి ఉంటే ఏం కనబడేది?

ముందు పీ తరంగాలు వస్తాయి. గట్టి రాతిలో వాటి వేగం సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు. వెనక ఎస్ తరంగాలు, మూడున్నర కిలోమీటర్లు. రెండింటి మధ్య గడిచిన సెకన్లను 8తో హెచ్చిస్తే భూకంప కేంద్రం ఎన్ని కిలోమీటర్ల దూరమో ఉజ్జాయింపుగా వస్తుంది. ములుగు భూకంప కేంద్రం హైదరాబాద్‌కు 200 కిలోమీటర్ల పైచిలుకు. అంటే రెండు తరంగాల మధ్య పాతిక సెకన్లు దాటి గడిచి ఉంటాయి. ఒక్క యంత్రంతో, కాగితం మీద చిన్న గుణకారంతో దూరం తెలిసిపోతుంది. మూడు ఊళ్లలో మూడు యంత్రాలు ఉంటే, మూడు వృత్తాలు గీసి ఆ చోటును కూడా పట్టుకోవచ్చు.

ఈ పద్ధతిలో గడియారం నడక సమంగా ఉంటే చాలు. అదే, వేర్వేరు ఊళ్లలో పీ తరంగం ఏ క్షణాన చేరిందో పోల్చాలంటే మాత్రం అన్ని గడియారాలూ ఒకే సమయం చెప్పాలి. రెండు సెకన్ల తప్పంటే 12 కిలోమీటర్ల తప్పు. కంప్యూటర్ గడియారం వారంలోనే అంత జరగొచ్చు. ఒకప్పుడు ఔత్సాహికులు షార్ట్‌వేవ్ రేడియోలో వచ్చే సమయ సంకేతాలను గీత పక్కనే నమోదు చేసుకునేవారు. ఇప్పుడు కొన్ని వందల రూపాయలకే జీపీఎస్ రిసీవర్ దొరుకుతోంది. ఇంటి యంత్రానికి పెట్టే ఖర్చులో ఇంత ఫలితమిచ్చే రూపాయి ఇంకోటి లేదు.

రిక్టర్ కొలబద్దలోనే తేడా

రోజూ పేపర్లో చదివే రిక్టర్ స్కేలు ఒక నిర్దిష్టమైన యంత్రం మీద ఆధారపడి పుట్టింది. 1935లో చార్లెస్ రిక్టర్ దాన్ని కాలిఫోర్నియా కోసం రూపొందించినప్పుడు కొలతకు తీసుకున్నది వుడ్-ఆండర్సన్ భూకంప లేఖిని. కేంద్రానికి 100 కిలోమీటర్ల దూరంలో ఆ యంత్రం గీత ఒక మిల్లీమీటరు ఎత్తు లేస్తే తీవ్రత 3 అని ఆయన నిర్ణయించాడు.

ఆ యంత్రం నేల కదలికను 2,800 రెట్లు పెంచుతుందని అంతా నమ్మారు. పాఠ్యపుస్తకాల్లోనూ అదే రాశారు. అర్ధశతాబ్దం గడిచాక, 1990లో జాగ్రత్తగా కొలిచి చూస్తే అది 2,080 దగ్గర తేలింది. దీనివల్ల తీవ్రత లెక్కలో దాదాపు 0.13 తేడా వస్తుంది. ఇప్పుడు అంతర్జాతీయ ప్రమాణంలో 2,080 అనే అంకెనే వాడుతున్నారు. ప్రపంచమంతా ప్రమాణంగా ఎంచుకున్న యంత్రాన్నే తిరిగి కొలవాల్సి వచ్చింది. కాబట్టి కొనుక్కున్న పరికరంతో వచ్చిన కాగితంలోని అంకెను కూడా ఒకసారి సొంతంగా సరిచూసుకోవడం తప్పు కాదు, అవసరం.

హోంవర్క్ నుంచి చందమామ దాకా

1932లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఆర్నాల్డ్ రాంబర్గ్ అనే ఆచార్యుడు విద్యార్థి లూసియన్ లకోస్ట్‌కు ఒక లెక్క ఇచ్చాడు. నిలువు కదలికలను నిదానంగా పట్టే భూకంప పరికరం రూపొందించమన్నాడు. లకోస్ట్ చుట్టేటప్పుడే బిగువు నింపిన ఒక వింత స్ప్రింగును ఊహించాడు. ఆ ఇద్దరూ కలిసి పెట్టిన సంస్థ పరికరాలు దశాబ్దాల పాటు భూమి గురుత్వాన్ని కొలవడంలో మేటిగా నిలిచాయి. 1972లో అపోలో 17 వాటిలో ఒకదాన్ని చంద్రుడి మీదికి తీసుకెళ్లింది. తీరా అక్కడ పెడితే తూకం కుదరలేదు. చంద్రుడి గురుత్వానికి తగ్గట్టు బరువులు సరిచేసే లెక్కలో చిన్న పొరపాటు జరిగింది. ఎంత పేరున్న పరికరమైనా పెట్టాల్సిన చోటి పరిస్థితుల్లో పరీక్షించాలనడానికి ఇంతకన్నా ఖరీదైన ఉదాహరణ నాకు తెలియదు. అయితే అది పూర్తిగా వృథా పోలేదు. నాలుగు దశాబ్దాల తరవాత జపాన్ పరిశోధకులు దాని పాత నమోదుల్లోంచి చంద్రకంపాలను వెలికితీశారు.

హైతీ ఇళ్లు చెప్పిన సాక్ష్యం

2010 జనవరి 12న హైతీలో వచ్చిన భూకంపం లక్షకు పైగా ప్రాణాలు తీసింది. అప్పటికి ఆ దేశంలో భూకంపాలను కనిపెట్టుకుని ఉండే కేంద్రాల జాలమే లేదు. తరవాత ఖరీదైన పరికరాలు కొన్ని పెట్టారు. కరెంటు లేక, ఇంటర్‌నెట్ లేక, మరమ్మతు చేసేవాళ్లు లేక అవి తరచూ మూగబోయేవి.

అప్పుడు కొందరు పరిశోధకులు వేరే దారి ఎంచుకున్నారు. 2016లో పనామాలోని ఒక చిన్న బృందం ప్రజల దగ్గర చందాలు పోగుచేసి రాస్‌ప్‌బెరీ షేక్ అనే చిన్న పెట్టెను తయారుచేసింది. చిన్న కంప్యూటర్ బోర్డు, దాని మీద చమురు అన్వేషణలో వాడే జియోఫోన్. అందులో తీగచుట్ట, అయస్కాంతం, స్ప్రింగు తప్ప ఏమీ ఉండవు. చమురు కంపెనీలకు లక్షల్లో అవసరం కాబట్టి చవగ్గా దొరుకుతుంది. వీటిని హైతీలో మామూలు జనం తమ ఇళ్లలో పెట్టుకున్నారు. 2021 ఆగస్టు 14న 7.2 తీవ్రతతో మళ్లీ భూకంపం వచ్చినప్పుడు, దగ్గర నుంచి నమోదులు అందించింది ఆ ఇళ్లే. తరవాత వచ్చిన ప్రకంపనలను గుర్తించి, ఏ పగులు ఎలా తెగిందో తెలుసుకోవడానికి ఆ గీతలు ఆధారమయ్యాయి. ఆ పరిశోధన 2022లో సైన్స్ పత్రికలో అచ్చయింది.

ఈ పెట్టెల పరిమితి కూడా చెప్పాలి. జియోఫోన్ సెకనుకు నాలుగైదు ఊపులకు పైబడిన కదలికలకే బాగా స్పందిస్తుంది. ఎలక్ట్రానిక్స్‌తో కొంత కిందికి లాగినా, 20 సెకన్ల నిదానపు అలల్లో పాత లేమన్ కడ్డీకి అది సాటిరాదు. ఊరి చుట్టుపక్కల చిన్న భూకంపాలు కావాలంటే జియోఫోన్, సుమత్రా, జపాన్ భూకంపాలు కావాలంటే లేమన్ యంత్రం. ఏది మేలు అని అడగడం కన్నా ఏం వినాలనుకుంటున్నావని అడగడం మంచిది. 2020 అక్టోబరులో హైదరాబాద్ బోరబండలో చప్పుళ్లతో సహా వచ్చిన చిన్న చిన్న ప్రకంపనల లాంటివాటికి జియోఫోన్ అచ్చంగా సరిపోయే పరికరం.

జేబులో ఉన్నది

మీ ఫోన్‌లోనూ ఒక సెన్సర్ ఉంది. ఫోన్ తిప్పితే తెర తిరిగేది దానివల్లే. 2016లో బర్క్‌లీ విశ్వవిద్యాలయం మైషేక్ అనే యాప్‌తో వాటిని భూకంపాలకు వాడింది. 2023 సెప్టెంబరులో ఆండ్రాయిడ్ భూకంప హెచ్చరికలు మన దేశంలోనూ మొదలయ్యాయి. ఒక్కో ఫోన్ సెన్సర్ నాసిదే. దాదాపు 5 తీవ్రత ఉన్న భూకంపం పది కిలోమీటర్ల దగ్గర వస్తే తప్ప దానికి తెలియదు. సముద్రపు అల దానికి ఎప్పటికీ అందదు. అయినా కదలకుండా పడి ఉన్న వందల ఫోన్లు ఒకేసారి ఉలిక్కిపడితే ఆ కబురు నమ్మదగ్గదే. అయితే ఏ ఫోనూ, ఏ ఇంటి యంత్రమూ భూకంపం రాకముందే చెప్పలేదు. హెచ్చరిక అంటే, దూరంలో మొదలైన అదురు మన దాకా వచ్చే లోపు దొరికే కొన్ని సెకన్లు మాత్రమే.

కడితే రెండు కట్టండి

బడుల్లో సైన్స్ చెప్పే మాస్టార్లకూ, ఇంజినీరింగ్ పిల్లలకూ ఒక మాట. యంత్రం కట్టాలనుకుంటే ఒకటి కాదు, రెండు కట్టండి. రెండింటినీ నేల అంతస్తులో, ఒకే గచ్చు మీద, ఒకే దిక్కుకు తిప్పి, పక్కపక్కనే ఒక వారం నడపండి. రెండు గీతల్లోనూ ఒకే తీరున ఉన్నది భూమి మాట. ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే మిగిలింది మీ యంత్రాల సొంత రొద. పెద్ద పెద్ద సంస్థలు కోట్ల ఖరీదు చేసే పరికరాలను కూడా ఇలాగే పక్కపక్కన పెట్టి పరీక్షిస్తాయి. ఇంతకన్నా నిజాయితీ గల పద్ధతి ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

వారం అయ్యాక ఒకదాన్ని ఇంకో ఊరి బడికి ఇవ్వండి. ఏ దిక్కుకు పెట్టారో, ఊపు ఎన్ని సెకన్లదో, గడియారం ఎక్కడి నుంచి తీసుకుంటున్నారో ఒక నోటు పుస్తకంలో తేదీతో సహా రాసిపెట్టండి. గీత చెదిరిందని వాట్సాప్‌లో పెట్టేముందు నేషనల్ సెంటర్ ఫర్ సిస్మాలజీ ప్రకటించే భూకంపాల జాబితా తెరిచి, సమయం కలుస్తోందో లేదో చూడండి.